దక్షిణపు గోడ మీది సున్నం

ఇంటి నుంచి
జూన్ 4

గీతల పిల్లకు,

పెద్దమ్మ దీవించి రాసేది. నువ్వు ఆ ఊరు చేరినట్టు మీ వదినకు ఫోన్ చేసి చెప్పావట. నాకు ఫోనులో సగం మాటలు వినపడవు, వినపడిన సగం నిలవవు. అందుకే రాస్తున్నాను. మూడో తరగతి చదువు నాది, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

నీకిచ్చిన గదికి గడియ సరిగ్గా పడుతుందా? పడకపోతే కుర్చీ అడ్డం పెట్టుకో. నీళ్ళు కాచి తాగు. పాత కట్టడాల్లో తిరిగే ఉద్యోగమంటే తేళ్ళుంటాయి, గబ్బిలాలుంటాయి, పుచ్చిన చెక్కలుంటాయి. మెట్టు మీద కాలు మోపే ముందు కర్రతో తట్టి చూసుకో. ఇది రాస్తుంటే మీ వదిన భుజం మీంచి చూసి, "అత్తయ్యా, ఆవిడ ఇంజనీరండీ. ఆవిడకి మెట్లెక్కడం నేర్పుతున్నారా?" అని నవ్వుతోంది. నవ్వనీ. మీ అమ్మ, అదే నా చెల్లెలు, బతికున్నన్నాళ్ళూ నన్ను చూసి ఇలాగే నవ్వింది. "అక్క వానకి ముందే తడుస్తుంది" అనేది.

అరవై మూడు కట్టడాలు కొలిచి, బొమ్మ గీసి, ఏది నిలబెట్టాలో ఏది పోయినా పర్వాలేదో పట్టీ రాస్తారట కదా మీరు. అందులో ఆ ఊరి పాత కోర్టు కూడా ఉందని విన్నాను. నువ్వు పుట్టకముందు నేనూ మీ పెదనాన్నా అందులో పని చేశాం. ఆయన సున్నం పూత పెట్టే మేస్త్రీ, నేను సున్నం నూరి అందించేదాన్ని. పెద్ద పనేం కాదులే, ఏవో మరమ్మతులు.

అక్కడ ఎక్కువసేపు ఉండకు. పెద్ద హాల్లో దక్షిణం వైపు బాల్కనీ ఉంటుంది, జనం కూర్చుని విచారణలు వినేది. దాని కింద నిలబడి బొమ్మలు గీయకు. అక్కడ గాలి ఆడదు.

నీ పెద్దమ్మ


పాత కోర్టు, సాక్షుల గది
జూన్ 19

పెద్దమ్మకు,

గడియ పడుతోంది. నీళ్ళు కాస్తున్నాను. తేలు ఒక్కటే కనబడింది, అది నన్ను చూసి నీలాగే భయపడి పోయింది.

నీ మాట వినకుండా పది రోజులుగా ఆ బాల్కనీ కిందే ఉంటున్నాను. కోప్పడకు, ఎందుకో చెబుతాను. ఈ కోర్టు ఇరవై ఏళ్ళుగా ఖాళీ. పురపాలక సంఘం వాళ్ళు దీన్ని కొట్టేసి బళ్ళు నిలిపే స్థలం చేయాలని చూస్తున్నారు. మా పట్టీలో మొదటి తరగతి కట్టడమని రాస్తే ఎవరూ ముట్టుకోలేరు. రెండో తరగతి అయితే మార్పులు చేసుకోవచ్చు. మూడో తరగతికి దిక్కు లేదు. సెప్టెంబరులో కమిటీ కూర్చుంటుంది. అప్పటిలోగా దీని గొప్పేమిటో నేను రుజువు చేయాలి.

ఆ రుజువు దొరికింది. బాల్కనీ దూలాలు దిగిన దక్షిణపు గోడ. మిగతా మూడు గోడలూ పగుళ్ళు బారాయి. దీని మీద వెంట్రుకంత గీత లేదు. మొదటి రోజు దుమ్ము తుడిచాను, లోపల నా మొహం కనిపించింది. అద్దం అనుకుని ఒక అడుగు వెనక్కి వేశాను. అడుగడుగూ వేలితో తట్టి విన్నాను, ఎక్కడా బోలు లేదు. రెండు వందల ఏళ్ళ కిందట కట్టినప్పటి పూత ఇంత పదిలంగా ఈ ప్రాంతంలో మరెక్కడా మిగల్లేదు. ఆ మేస్త్రీ ఎవరో, పేరు కూడా దక్కలేదు. నా నివేదిక మొత్తం ఈ గోడ మీదే నిలబడుతుంది.

పెదనాన్న అక్కడ పని చేసినప్పుడు ఈ గోడ గురించి ఏమైనా అనేవాడా?

నీ గీతల పిల్ల


ఇంటి నుంచి
జూలై 2

గీతల పిల్లకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నాను. రెండుసార్లు మీ వదిన చేత, ఒకసారి నాకు నేనే కూడబలుక్కున్నాను. గోడలో నీ మొహం కనిపించిందని రాసిన చోట ఆగిపోయాను.

అంత నునుపు ఊరికే రాదమ్మా. సున్నాన్ని జాడీలో నీళ్ళ కింద రెండేళ్ళు నానబెట్టాలి. వెన్నలా అయ్యాక మెత్తటి ఇసుక కలిపి రుబ్బాలి, చేతి గీతల్లోకి దిగేదాకా రుబ్బాలి. పైపూతలో కోడిగుడ్డు తెల్లసొన కలపాలి. తాపీ పక్కన పడేసి ఏటి గులకరాయితో రుద్దాలి. పన్నెండు రోజులు, ఒకే మనిషి, ఒకే చేయి. చేయి మారితే గోడకు తెలిసిపోతుంది. తిట్టుకుంటూ రుద్దిన చోట మచ్చ పడుతుందనేవారు. ఇవన్నీ నేను విన్న మాటలు.

రెండు వందల ఏళ్ళ నాటిదని నీతో ఎవరన్నారు? రాసి ఉందా? లేకపోతే అంత గట్టిగా రాయకు. ఒక్క గోడ మీద అంత బరువు పెట్టకూడదు. ఏటి మీద పాత వంతెన కూడా నీ పట్టీలో ఉంది కదా, దాని గురించి గొప్పగా రాయరాదూ?

ఎడమ నుంచి మూడో దూలం గోడలోకి దిగే చోట, దూలం కింద, సన్నగా గీతేమైనా ఉందా? వేలితో కాదు, వేలితో తెలియదు. పొద్దున ఎండ పక్కవాటుగా పడ్డప్పుడు చూడు. ఊరికే అడిగాను. నా సంగతి నీకు తెలిసిందే, ఇంట్లో మేకు ఊడితే ఇల్లు కూలినట్టు కలలొచ్చే మనిషిని.

బాల్కనీ మీదికి మాత్రం వెళ్ళకు.

నీ పెద్దమ్మ


సర్వే ఆఫీసు
జూలై 25

పెద్దమ్మకు,

ఎండ పక్కవాటుగా పడ్డప్పుడు చూశాను. నువ్వన్న చోటే మూడు వేళ్ళ పొడవున సన్నటి గీత. పైపూత బిగుసుకున్నప్పుడు అలాంటివి పడతాయి, భయం లేదన్నారు మా పెద్ద ఇంజనీరు గారు. ఆయన గోడను చూసి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నివేదిక అట్ట మీద ఆ గోడ ఫోటోనే వేస్తామన్నారు. "నీ సర్వీసంతా ఈ ఒక్క గోడ చాలు" అన్నారు.

ఇంకో శుభవార్త. ఆగస్టు ఇరవైన కమిటీ వాళ్ళు హాలు చూడటానికి వస్తున్నారు. కట్టడం ఇప్పటికీ జనానికి పనికొస్తుందని చూపించాలని ఒక ఏర్పాటు చేశాను. డ్రాయింగ్ స్కూలు పిల్లలు నలభై మంది ఆ బాల్కనీ మీద కూర్చుని హాలు బొమ్మ గీస్తారు. కింద నిలబడి కమిటీ చూస్తుంది.

ఒక సంగతి నన్ను తొలుస్తోంది. మూడో దూలమని నీకెలా తెలుసు? పన్నెండు రోజులని ఎవరి దగ్గర విన్నావు? పెద్దమ్మా, నా దగ్గర ఏమైనా దాస్తున్నావా?

నీ గీతల పిల్ల


ఇంటి నుంచి
జూలై 30

అమ్మా,

పిల్లల్ని ఎక్కించకు. ముందు ఈ మాట చదువు, మిగతాది తర్వాత. మీ వదిన చేత ఫోన్ కూడా చేయిస్తున్నాను. కారణం తనకు చెప్పలేదు. ఈ మాట నా చేత్తోనే రాయాలి.

ఆ పూత రెండు వందల ఏళ్ళ నాటిది కాదు. నలభై ఒక్క ఏళ్ళ నాటిది. మీ పెదనాన్న పెట్టాడు. సున్నం నేను నూరాను. పన్నెండు రోజులు రుద్దింది ఆయన చేయి.

అప్పుడు కోర్టు నడుస్తోంది. బాల్కనీ కింద పాత పూత పెచ్చులూడితే కొత్తది పెట్టమని పిలిచారు. పెచ్చులు తీసేసరికి మూడో దూలం చివర చెదలు తినేసి ఉంది. దూలం గోడని వదిలి జారింది. దాని కింద గోడ ఏటవాలుగా చీలిపోయింది. ఆ చీలికలో నా రెండు వేళ్ళు పట్టాయి. నేనే పెట్టి చూశాను. ఆయన ఓవర్సీరుతో చెప్పాడు. ఓవర్సీరు, "వచ్చే నెల కొత్త జడ్జీ గారు వస్తున్నారయ్యా. గోడ తెల్లగా కనబడాలి. లోపలి సంగతి లోపలే ఉండనీ" అన్నాడు. రెండోసారి చెబితే, "నువ్వు పూత మేస్త్రీవా, మెజిస్ట్రేటువా?" అన్నాడు.

ఆయన చీలిక నిండా ఇటుక ముక్కలూ సున్నమూ కూరాడు. దూలం కింద ఇనప చీల దిగ్గొట్టాడు. గాలి కూడా చొరకుండా బిగించాడు. నువ్వు తడితే బోలు పలకలేదంటే అది ఆయన పనితనం. దాని మీద పైపూత పెట్టాడు. జన్మలో అంత బాగా ఎప్పుడూ చేయలేదు. తప్పు కప్పేటప్పుడు చేయి అంత బాగా ఎందుకు కుదిరిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత ఏటా వానలు వెలిసాక ఏదో వంకన లోపలికెళ్ళి చూసేవాడు. గీత కనిపిస్తే రుమాలులో తెచ్చిన సున్నంతో వేలితో మెత్తేసి వచ్చేవాడు. కోర్టు మూసేశాక కూడా కాపలావాణ్ణి బతిమాలుకుని వెళ్ళేవాడు. ఆయన పోయి పదకొండేళ్ళు. పదకొండేళ్ళుగా ఆ గోడని ఎవరూ చూడలేదు. ఆ గీత పైపూత బిగుసుకుని పడింది కాదమ్మా. దూలం మళ్ళీ కదులుతోంది.

మొదటి ఉత్తరంలోనే చెప్పాల్సింది. నోరు రాలేదు. ఆయన చేసిన గోడని నువ్వు అంత మెచ్చుకుంటుంటే, పెద్ద ఇంజనీరు కళ్ళద్దాలు తుడుచుకుంటే, ఇంకో వారం విందామనిపించింది. బతికుండగా ఆయన పనిని అలా ఎవరూ మెచ్చుకోలేదు.

నీ పెద్దమ్మ


పాత కోర్టు
ఆగస్టు 12

పెద్దమ్మకు,

వదిన ఫోన్ వచ్చినప్పుడు నవ్వాను. "పిల్లల్ని ఎక్కించొద్దట, ఎందుకంటే చెప్పట్లేదు, ఉత్తరం వస్తుందట" అంది. నీ భయాల్లో ఇదొకటి అనుకున్నాను. రెండు రోజుల తర్వాత ఉత్తరం వచ్చింది.

బాల్కనీ కింద దన్ను కర్రలు పెట్టించి, మూడో దూలం కింద జానెడు మేర పూత తీయించాను. నువ్వు రాసిందంతా ఉంది. ఇంకొకటి కూడా ఉంది. ఇటుక ముక్కల మీద, చీలికకు అడ్డంగా, మూడు చోట్ల గాజు పలకలు అతికించి ఉన్నాయి. పగులు కదులుతోందో లేదో తెలుసుకోవడానికి అలా పెడతారు. కదిలితే గాజు విరుగుతుంది. మూడూ విరిగిపోయాయి. లోపల గాజు పెట్టి, పైన పూత పెట్టేస్తే ఎవరు చూస్తారని పెట్టాడు? ఎప్పటికైనా ఎవరో ఒకరు తెరుస్తారని అనుకున్నాడా?

దూలం చివర చేత్తో నలిపితే పొడి అయింది. చీల మీద ఒక్క అంగుళం ఆనుకుని ఉంది. నలభై మంది పిల్లలు, పెద్దమ్మా. రావద్దని కబురు పెట్టాను, కానీ వాళ్ళ పేర్ల జాబితా ఇంకా నా సొరుగులోనే ఉంది.

ఆ గోడ దిట్టంగా ఉందని సంతకం పెట్టింది నేను. తట్టి విన్నది నేను. నాకు రావాల్సిన మాట నాకే వస్తుంది. కానీ జూన్ నాలుగున "గాలి ఆడదు" అని రాశావు చూడు, ఆ మాట దగ్గర నేను నిన్ను అర్థం చేసుకోలేకపోతున్నాను.

నివేదిక తిరగరాస్తున్నాను. ఇప్పుడిక మొదటి తరగతి రాదు. ఈ పగులు పేరు చెప్పి మొత్తం కొట్టేయమని పురపాలక సంఘం అప్పుడే కాగితం పెట్టింది.

ఇట్లు


ఇంటి నుంచి
ఆగస్టు 21

అమ్మా,

కింద పేరు పెట్టకుండా "ఇట్లు" అని వదిలేశావు. పెట్టాలని లేకపోతే పెట్టకు. చదివితే చాలు.

ఇంకో మాట మిగిల్చుకున్నాను. మొన్నటి ఉత్తరంలో తప్పంతా ఓవర్సీరు మీదికి తోశాను. చచ్చినవాళ్ళు తిరిగి మాట్లాడరు కదా. రెండోసారి కాదన్నాక మీ పెదనాన్న ఊరుకోలేదు. మర్నాడు పొద్దున ఉతికిన చొక్కా వేసుకుని, పై ఆఫీసులో అప్పటి పెద్ద ఇంజనీరుకు చెప్పి వస్తానని బయల్దేరాడు. గుమ్మంలో అడ్డం నిలబడింది నేను. "మనకెందుకు? చెబితే నువ్వే పగలగొట్టావంటారు. మళ్ళీ ఎవరూ పనికి పిలవరు. నోరు మూసుకుని పూత పెట్టు" అన్నాను. నీ అన్న కడుపులో ఉన్నాడు నాకు అప్పుడు. ఏడ్చాను కూడా. ఆయన నన్ను చూసి, గుమ్మాన్ని చూసి, చొక్కా విప్పి కొయ్యకు తగిలించాడు. జీవితంలో నా భయానికి ఒక్కసారే లొంగాడు, ఆ ఒక్కసారీ లొంగకూడనిది.

గాజు పలకల సంగతి నాకు తెలియదు. నేను సున్నం తేవడానికి వెళ్ళినప్పుడు పెట్టి ఉంటాడు. నాకు తెలియకుండా.

నువ్వు రాసేదాంట్లో ఆయన పేరు వద్దు. సున్నం నూరినావిడ దాచిందని నా పేరు రాయి. నన్నేం చేస్తారు, ఈ వయసులో?

పెద్దమ్మ


సర్వే ఆఫీసు
సెప్టెంబరు 17

పెద్దమ్మకు,

నీ ఉత్తరానికి జవాబు రాయడానికి కూర్చున్న ప్రతిసారీ లేచిపోయాను. మొన్న కమిటీ తేల్చింది కాబట్టి రాయక తప్పదు.

ఉన్నదున్నట్టు చెప్పాను. మొదట నేను ఎలా మోసపోయానో చెప్పాను. ఒకాయన, "నలభై ఏళ్ళ పూతని రెండు వందల ఏళ్ళ పూత అన్న ఇంజనీరమ్మ మాట మనం ఇంకా వినాలా?" అన్నాడు. నిలబడే విన్నాను. పెద్ద ఇంజనీరు గారు లేచి, "నేనూ అన్నాను ఆ మాట" అన్నారు.

హాలుని రెండో తరగతిలో పెట్టారు. ఒక షరతు మీద. వానలు ముదరకముందే దక్షిణపు బాల్కనీని యంత్రాలు లేకుండా చేత్తో దించేయాలి, గోడని చీలిక దాకా విప్పి కొత్తగా కట్టాలి. అది జరిగితే హాలు నిలుస్తుంది. పని సగంలో కూలిందా, మొత్తం పోతుంది.

అంటే పెదనాన్న పూత అంతా పోతుంది. ఒక్క ముక్క కూడా గోడ మీద మిగల్చడానికి వీల్లేదు. ఇది నీకు నేనే చెప్పాలనుకున్నాను.

పట్టీలో "పని చేసినవారు" అని ఒక గడి ఉంటుంది. అరవై మూడు కట్టడాల్లో అరవై రెండింటికి అది ఖాళీ. దీనికి ఆయన పేరు రాశాను. చేసింది, కప్పింది, గాజు పెట్టింది, మూడూ రాశాను. వద్దన్నావు. కానీ పేరు తీసేస్తే నేను కూడా పూత పెట్టినట్టే. నన్ను తిట్టుకో.

ఇక్కడి కూలీలు సిమెంటు తప్ప ఎరగరు. నిన్న ఒకతను సుత్తితో కొడితే దెబ్బ గోడంతా పాకి దన్ను కర్ర కిర్రుమంది. పని ఆపేయించాను. ఈ పూత ఏ వైపు నుంచి, ఎలా విప్పాలో నీకు తెలిస్తే రాసి పంపు. తొందరగా.

నీ గీతల పిల్ల


పాత కోర్టు, కింది మెట్టు మీద కూర్చుని
సెప్టెంబరు 24

గీతల పిల్లకు,

రాసి పంపితే అయ్యే పని కాదు, అందుకని వచ్చేశాను. మీ వదిన తోడొచ్చింది. బస్సులో అయిదు గంటలూ డ్రైవరు కళ్ళు మూస్తాడేమోనని అద్దంలోంచి అతన్నే చూస్తూ కూర్చున్నాను. దిగేటప్పుడు అతను, "ఏంటమ్మా, నా మొహం మీద ఏవన్నా ఉందా?" అని అడిగాడు. ఇక్కడికొచ్చాక తెలిసింది, నువ్వు వంతెన కొలతలకు వెళ్ళావట, ఎల్లుండిగానీ రావట. అందుకే ఈ కాగితం నీ బల్ల మీద పెట్టి వెళతాను.

కూలీల మేస్త్రీ నన్ను చూసి, "ముసలమ్మని లోపలికెవరు రానిచ్చారు?" అన్నాడు. మీ వదిన వాదనకు దిగబోతే ఆపి, పూత విప్పే పద్ధతి చూపించమని ఇంజనీరమ్మే అడిగిందని చెప్పాను. ఒక బిందె నీళ్ళు, ఒక పాత గుడ్డ అడిగాను. ఎండు సున్నాన్ని కొట్టకూడదు, తడపాలి. లోపలికి నీళ్ళు దిగేదాకా గంట ఆగాలి. తర్వాత సన్న ఉలితో అడుగు పొడవు అడుగు వెడల్పు గళ్ళుగా కోత పెట్టుకోవాలి. అప్పుడు దెబ్బ ఆ గడి దాటి పోదు. దూలానికి దూరంగా, తలుపు వైపు పై మూల నుంచి మొదలుపెట్టాలి. దూలం కింది గడి ఆఖరున తీయాలి.

తడిపాక గోడ నల్లబడి మెరిసింది. నువ్వు రాసినట్టే మొహం కనిపించింది. నాది కాదనుకున్నాను, అంత ముసలిగా ఉంది. అరచెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. కాసేపు తీయలేదు. ఎవరూ తొందర పెట్టలేదు, అది వాళ్ళ మంచితనం.

మొదటి గడి నేనే తీశాను. ముక్క చెక్కలా ఊడి వచ్చింది, వెనక వైపు నా వేళ్ళ అచ్చులేమైనా ఉంటాయేమోనని చూశాను. ఏమీ లేవు. ఉండవు కూడా, నేను అందించేదాన్నేగా.

నాలుగో గడి దగ్గర తట్టలెత్తే ఆవిడ ఒక ముక్క చేత పట్టుకుని, "అవ్వా, ఇంత నున్నగా ఎవరు చేశారే? దీన్ని కొట్టడానికి మనసొప్పట్లేదు" అంది.

"మా ఆయన చేశాడు" అన్నాను.

"మరెందుకు పీకేస్తున్నారు?"

"లోపల గోడ చీలింది. కనబడకుండా కప్పాడు."

"తెలిసే కప్పాడా?"

అందరూ వింటున్నారు. మీ వదిన కూడా. ఆమెకీ అప్పటిదాకా తెలియదు, నీ ఈమధ్య ఉత్తరాలు నేనొక్కదాన్నే కూడబలుక్కుని చదివాను.

"తెలిసే. చెబుతానని బయల్దేరితే కప్పెయ్యమన్నది నేను" అన్నాను.

నలభై ఒక్క ఏళ్ళు ఈ మాట బయట పడితే భూమి బద్దలవుతుందనుకున్నాను. ఆవిడ నా మొహం కేసి చూసింది. "మా ఇంట్లోనూ ఇంతేలే అవ్వా. మొగాడు ఏదన్నా చెప్పొస్తానంటే నేను తలుపేసేస్తా" అంది. తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. మేస్త్రీ గొంతు సవరించుకుని, "తర్వాతి గడి ఎటమ్మా?" అని అడిగాడు. చూపించాను.

ఆయన పేరు రాశావని నిన్ను తిట్టుకోను. కప్పమన్నవారు అని ఇంకో గడి ఉంటే అందులో నన్ను కూడా రాయి. లేకపోతే గీత గీసి చేర్చు, నీకు గీతలు కష్టమా.

ఇవాళ పదకొండు గళ్ళు తీశాం. ఇంకా నలభై దాకా ఉన్నాయి. వాన మబ్బు పట్టింది, అది ఒక బెంగ. పైన వదులుగా ఉన్న రెయిలింగు ముక్క ఒక బెంగ. నువ్వు ఆ వంతెన అంచున నిలబడి టేపు పట్టుకుంటావేమో, అదో బెంగ.

నాలుగో దన్ను కర్రని వాళ్ళు విరిగిన ఇటుక మీద నిలబెట్టారు. నువ్వొచ్చేదాకా ఆగలేదు. కనబడగానే చెప్పేశాను. మార్చారు.

నీ పెద్దమ్మ